రిజిస్టర్ల గురించి రాస్తున్న చిరంజీవికి

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

కమాండ్ లైన్ నుంచి హార్డ్‌వేర్ రిజిస్టర్లను (చిప్ లోపల దాని పనిని నడిపించే చిన్న నిల్వ గడులను) చదవడం, మార్చడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. శైలి బాగుంది, కాని అందులోని ఒక కమాండును పాఠకుడు ఉన్నదున్నట్టు కొడితే ఏమవుతుందో నువ్వు చూసుకున్నట్టు లేదు.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో 17వ జీపీఐఓ పిన్నును (ఇన్‌పుట్‌గానో అవుట్‌పుట్‌గానో వాడుకోగల పిన్నును) అవుట్‌పుట్‌గా మార్చడానికి, మెమరీ చిరునామాలను నేరుగా చదివి రాసే డెవ్‌మెమ్ కమాండుతో రిజిస్టరులో హెక్స్ (పదహారు ఆధారంగా రాసే సంఖ్య) 200000 రాయమన్నావు. ఆ విలువలో 21వ బిట్ ఒక్కటే 1, తక్కినవన్నీ సున్నాలు. ఆ రిజిస్టరు 10 నుంచి 19 వరకు పది పిన్నుల పనిని, పిన్నుకు మూడేసి బిట్ల చొప్పున, నిర్ణయిస్తుంది, మూడూ సున్నాలైతే ఆ పిన్ను ఇన్‌పుట్ అని అర్థం కనుక, నీ కమాండు మిగిలిన తొమ్మిదింటినీ ఇన్‌పుట్‌లుగా మార్చేస్తుంది. వాటిలో 14, 15 ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడే సీరియల్ పిన్నులు. ఆ తీగల మీదుగానే బోర్డులోకి లాగిన్ అయిన పాఠకుడికి ఎంటర్ నొక్కగానే తెర మూగబోతుంది. మద్దిలపాలెం అద్దె గదిలో నలుగురు చందాలు వేసుకుని కొన్న బోర్డు కాలిపోయిందనే అనుకుంటారు. (రీబూట్ చేస్తే సరిపోతుందని కూడా నువ్వు చెప్పలేదు మరి!) ముందు పాత విలువను చదివించు, 21, 22, 23 బిట్లను మాత్రమే సవరించి, తక్కినవాటిని ముట్టకుండా తిరిగి రాయించు, రెండు విలువలనూ వ్యాసంలో పక్కపక్కన చూపించు.

అలాగని "చదవడం వల్ల ఏ ప్రమాదమూ లేదు" అన్న నీ వాక్యాన్ని మాత్రం ఉంచకు. సీరియల్ పిన్నులను నడిపే యూఆర్ట్ భాగపు డేటా రిజిస్టరును చదివితే వరుసలో ముందున్న బైటు నీ చేతికి వచ్చేస్తుంది, దానికోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రాముకు ఇక దక్కదు. చదవగానే తమంతట తామే సున్నా అయిపోయే స్టేటస్ రిజిస్టర్లూ కొన్ని చిప్‌లలో ఉంటాయి. పైగా డెవ్‌మెమ్‌కు చిరునామా, వెడల్పు ఇస్తే చదువుతుంది, వాటి వెనక ఇంకో అంకె చేరితే ఏమీ అడగకుండా రాసేస్తుంది. ఈ తేడాను ఒక పేరా అంతా ఖర్చుపెట్టి చెప్పినా ఎక్కువ కాదు.

చిరునామాలను డేటాషీటు నుంచి ఎత్తిరాయవద్దు. మొదటి పైలోని చిప్ అయిన బీసీఎం2835 పత్రంలో 7ఈతో మొదలయ్యేవి బస్ చిరునామాలు, అంటే చిప్ లోపలి దారుల్లో వాడేవి. లైనక్స్ నుంచి వాటిని మొదటి పైలో 20తో, పై 4లో ఎఫ్‌ఈతో మొదలుపెట్టి చేరుకోవాలి. కాబట్టి బోర్డు మోడలు మొదటి పేరాలోనే ఉండాలి. చోటు చాలకపోతే ఎల్‌ఈడీ ఫొటో తీసేయి, సవరించిన ప్రతిని నీ బోర్డు మీద వరుసగా కొట్టి చూసుకున్నాకే పంపించు.

ఆశీస్సులతో,
నీ పెద్దన్న