పెకిలించిన తారు సాక్ష్యం చెప్పదు

ప్రశ్న: గేటు నుంచి పోర్టికో దాకా 640 చదరపు అడుగుల దారికి తారు వేయించాం. కాంట్రాక్టరు మాకు బంధువే. ఒప్పందం నోటిమాట, డబ్బు మాత్రం బ్యాంకు ద్వారా ఇచ్చాం, ఇంకా పదోవంతు బాకీ ఉంది. మండుటెండల్లో వేశాడు. ‘రెండంగుళాల మందం, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. నెల తిరక్కుండానే చక్రాలు నడిచే చోట దిగబడింది. వానలకు అంచులు విరిగాయి, ఇప్పుడు సగం దారి మొసలి చర్మంలా పగిలింది. అడిగినప్పుడల్లా ‘వచ్చే నెల’ అంటున్నాడు. 22 నెలలైంది. సొంతవాడని నమ్మితే నలుగురిలో తలవంపులు తెచ్చాడు. మా అమ్మగారు ఆ గుంతలో కాలుపడి పడిపోయారు కూడా. అంతా పెకిలించి వేరేవాళ్లతో వేయించి ఆ ఖర్చు ఇతని దగ్గర వసూలు చేయవచ్చా? చీటింగ్ కేసు పెట్టవచ్చా? (వేసిన ఐదో రోజున 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరు ఒకసారి లోపలికి వచ్చింది. తారు లారీ వేబ్రిడ్జి చీటీ ఒకటి దొరికింది, జత చేశాను.)

సమాధానం: మీ కేసును నిలబెట్టేదీ పడగొట్టేదీ రెండూ ఆ చివరి బ్రాకెట్లోనే ఉన్నాయి. బంధుత్వం, తలవంపులు వినియోగదారుల కమిషన్ ముందు పనికిరావు. అమ్మగారు పడిన సంగతికి ఆసుపత్రి కాగితాలుంటే ఫిర్యాదులో రాయండి, లేకపోతే వదిలేయండి. తేలాల్సింది ఒక్కటే: దారి పాడైంది అతను తక్కువ వేసినందుకా, మీరు పచ్చి తారు మీద ట్యాంకరు ఎక్కించినందుకా?

ముందు చీటీ సంగతి. 640 చదరపు అడుగులంటే సుమారు 59.5 చదరపు మీటర్లు. రోలరు తొక్కాక రెండంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్ల మందం ఉండాలంటే దాదాపు 3 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి. బాగా అణిగిన తారు కంకర ఘనపు మీటరుకు సుమారు 2.35 టన్నులు తూగుతుంది. ఆ లెక్కన మీ దారికి 7 టన్నులు దిగాలి. మీరు పంపిన చీటీలో నికర బరువు 4,480 కిలోలు. వచ్చిన లారీ అదొక్కటే అయితే మీకు పడింది సగటున 32 మిల్లీమీటర్లు. పరిచినప్పుడు వదులుగా రెండంగుళాలు చూపించి, రోలరు తొక్కాక ఎంత మిగిలిందో కొలవకుండా వెళ్లిపోవడం ఈ పనిలో మామూలే. వదులు మిశ్రమం తొక్కితే నాలుగో వంతు దాకా తగ్గుతుంది. అయితే మీకు తగ్గిన మందం అంతకన్నా ఎక్కువ, కాబట్టి ఆ సాకు చెప్పినా అతనికి సరిపోదు.

కానీ ‘రెండో లారీ కూడా వచ్చింది’ అంటాడు. దానికి మీ దగ్గర జవాబు ఉందా? చీటీ మీద వాహనం నంబరు, తేదీ, సమయం ఉన్నాయి, మంచిదే. ఆ రోజు ఎన్ని లారీలు వచ్చాయో చెప్పగల పొరుగువారెవరైనా ఉన్నారా, గేటు కెమెరా రికార్డు మిగిలిందా, ఇవాళే చూడండి. ఇల్లు కట్టించేటప్పుడు ప్రతి సిమెంటు బస్తా లెక్కపెట్టే మనం, తారు దగ్గరికొచ్చేసరికి లారీ లెక్క రాయం. ఒక్క కాగితం ఒప్పందం లేకుండా ఇంత పని అప్పగించడం నిర్లక్ష్యమే. బంధువని రాయించుకోలేదనడం కమిషన్ సభ్యుల ముందు మీకు మేలు చేయదు.

ఇక ట్యాంకరు. 5,000 లీటర్లంటే నీళ్ల బరువే 5 టన్నులు, బండి బరువు వేరే. చల్లటి కాలంలో వేసిన తారు మీద మూడు రోజులకు కారు నడిపినా పరవాలేదు. మండే ఎండల్లో తారు పగలంతా మెత్తగానే ఉంటుంది, ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది, గట్టిపడటం ఆలస్యమవుతుంది. అందుకే కారునైనా వారం దాకా ఆపడం మంచిది, బరువు బండిని ఇంకా ఎక్కువ కాలం ఆపాలి. అవతలి లాయరు అడిగే మొదటి ప్రశ్న ఈ ట్యాంకరు గురించే. దాచకండి. ఫిర్యాదులో మీరే రాయండి. అతను బండ్లు ఎప్పటిదాకా ఆపాలో మీకు చెప్పాడా లేదా అన్నదీ రాయండి. చెప్పకపోవడం కూడా సేవాలోపమే.

ట్యాంకరు ఒక్క దారినే వచ్చి, ఒక్క చోటే ఆగి ఉంటుంది. దాని జాడ ఎక్కడో గుర్తు చేసుకుని, అది తొక్కని చోట దారి ఎలా ఉందో చూడండి. దిగబడిన చోట పక్కల తారు ఉబ్బి గట్లు కట్టి ఉంటే లోపం పై పొరలో ఉంది: తారు మోతాదు ఎక్కువైందో, మెత్తటి రకం వాడారో, సరిగ్గా తొక్కలేదో. గట్లు లేకుండా వెడల్పుగా, నిదానంగా కుంగి ఉంటే, పైగా మొసలి చర్మం పగుళ్లు వచ్చి ఉంటే, కింద కంకర బేస్ సరిగ్గా లేదని అర్థం. ఎండకి తళతళలాడే నల్లటి మరకలు కనిపిస్తే తారు ఎక్కువై పైకి తేలింది. మీరు రాసిన మొసలి పగుళ్లు, విరిగిన అంచులు, సగం దారి అంతటా ఉన్నాయి కాబట్టి, ఒక్కసారి వచ్చిన ట్యాంకరు మీదికి ఈ నష్టమంతా నెట్టడం అతనికి కష్టం. అయితే ఇది మీరో నేనో చెబితే చాలదు, ల్యాబ్ చెప్పాలి.

అందుకే, పెకిలించాలన్న ఆలోచన మానుకోండి. ఖచ్చితంగా చెబుతున్నాను: జేసీబీ పెట్టిన రోజే మీ కేసు పోతుంది. మందం ఎంతో, కింద బేస్ ఎంతో, తారు శాతం ఎంతో చెప్పగలిగేది ఆ దారి ఒక్కటే. అది లారీలో చెత్తకుప్పకి వెళ్లాక మిగిలేవి మీ ఫోన్లో ఫోటోలు, వాటిలో పగుళ్లు కనిపిస్తాయి గానీ మందం కనిపించదు. నల్లరంగు సీల్‌కోట్ పూయించి కప్పెట్టడమూ అంతే ప్రమాదం.

ఇప్పుడు గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటినుంచి 2 ఏళ్లలోపు వేయాలి. మీకు గుంతలు మొదటి నెలలోనే కనిపించాయి. కాబట్టి ‘పగుళ్లు తర్వాత వచ్చాయి’ అనే వాదన మీద ఆధారపడకుండా, పని పూర్తయిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. అంటే మీ చేతిలో ఉన్నది రెండు నెలలే. ‘వచ్చే నెల చేస్తా’ అన్న అతని మాటలు గడువును పొడిగించవు. నోటీసులు, ఉత్తరాలు ఇచ్చి పుచ్చుకున్నంత మాత్రాన కూడా గడువు పెరగదు. గడువు దాటిందా లేదా అన్నది అవతలివారు అడగకపోయినా వినియోగదారుల ఫోరం (ఇప్పటి కమిషన్) తానే చూడాలని స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, బీఎస్ అగ్రికల్చర్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ఆలస్యానికి సరైన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ ‘బంధువని ఊరుకున్నాం’ అన్నది సరైన కారణమని నేను రాసివ్వలేను.

చేయాల్సింది ఇదీ. ఈ వారంలోనే లాయరు ద్వారా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, డెలివరీ రుజువు దాచండి. అందులో 32 మిల్లీమీటర్ల లెక్క, లోపాలు, 15 రోజుల గడువు రాయండి. ముఖ్యంగా ఫలానా తేదీ, ఫలానా సమయానికి ల్యాబ్ వాళ్లు వచ్చి నమూనాలు తీస్తారు, మీరూ మీ మనిషితో రండి అని పిలవండి. అతన్ని పిలవకుండా తీసిన నమూనాను ‘ఎక్కడిదో తెచ్చారు’ అని కొట్టిపారేస్తాడు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌ను పిలిచి 100 మిల్లీమీటర్ల వ్యాసం గల కోర్లు, అంటే దారిని తొలిచి తీసే గుండ్రటి నమూనాలు, కనీసం నాలుగు తీయించండి: పగిలిన చోట ఒకటి, అంచు దగ్గర ఒకటి, ట్యాంకరు ఆగిన చోట ఒకటి, ఏ బండీ తొక్కని మూల ఒకటి. ఆ చివరిదే మీకు ప్రాణం. అక్కడ కూడా 30 మిల్లీమీటర్లే వస్తే ట్యాంకరు కథ ముగిసినట్టే. మందం, సాంద్రత, తారు శాతం మూడూ పరీక్షించమనండి. అదే రంధ్రంలోంచి కింద కంకర ఎంత లోతుందో టేపు పెట్టి కొలిపించండి. అతను రాకపోతే, ఇద్దరు సాక్షుల సంతకాలతో పంచనామా రాయించి, కోర్లకు సీలు వేయించండి.

ఫోటోలు తీసేటప్పుడు 3 మీటర్ల వంకరలేని పట్టీ దారికి అడ్డంగా పెట్టి, గుంత లోతు స్కేలుతో కనిపించేలా తీయండి. వాయిస్ మెసేజ్ ఉన్న ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి, ఆ చాట్ చెరపకండి. దాన్ని ప్రవేశపెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. దాని రెండో భాగం మీద నిపుణుడి సంతకం కూడా ఉండాలి, ఇది చాలామంది మర్చిపోతున్నారు.

నోటీసు గడువు తీరగానే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. నోటీసుకు జవాబు కోసం ఎదురుచూస్తూ రెండేళ్లు దాటనివ్వకండి. నోటీసు తప్పనిసరి కాదు, గడువే తప్పనిసరి. ఫిర్యాదుతోపాటే నమూనాల పరీక్షకు, దారిని చూసి నివేదిక ఇచ్చే కమిషనర్ నియామకానికి దరఖాస్తు పెట్టండి. అవతలివాడికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, అడిగితే మరో 15, ఆపైన లేదు.

పరీక్ష నివేదిక చేతికొచ్చాక, కమిషన్‌కు తెలియజేసి మళ్లీ వేయించుకోవచ్చు. ఒక మూల రెండు చదరపు మీటర్ల పాత తారు అలాగే ఉంచండి. ఈసారి రాతపూర్వకంగా: తొక్కాక 50 మిల్లీమీటర్లు, కింద పొరలుపొరలుగా తొక్కిన 150 మిల్లీమీటర్ల కంకర (నల్లరేగడైతే 200), నీళ్లు పోవడానికి ప్రతి 50 అడుగులకు ఒక అడుగు వాలు, అంచులకు కట్టు, వీజీ-30 గ్రేడు తారు, పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గని వేడి, 90 డిగ్రీలకు పడిపోకముందే రోలింగు పూర్తి, ప్రతి లారీకి చీటీ. వేడిని థర్మామీటరుతో మీరే చూడండి.

చీటింగ్ కేసు వద్దు. మొదటినుంచే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపాలి. తక్కువ వేయడం ఒక్కటే దానికి చాలదు. పైగా పోలీస్ స్టేషన్‌లో రాజీ కాగితం మీద సంతకం పెట్టించుకుని మీ సివిల్ హక్కు కూడా వదులుకున్నవారున్నారు. బాకీ ఉన్న పదోవంతు ఇప్పుడు ఇవ్వకండి. ‘పని తృప్తికరం’ అన్న రసీదు మీద సంతకం పెట్టకండి. చేసిన పని డబ్బు కోసం అతను దావా వేసేందుకు పని పూర్తయిన నాటినుంచి 3 ఏళ్లు గడువుంది, కాబట్టి ఆ మొత్తాన్ని ఎందుకు ఆపారో నోటీసులోనే చెప్పండి.

ఏ కారణంగానైనా రెండేళ్లు దాటిపోతే, ఒప్పంద ఉల్లంఘన మీద సివిల్ కోర్టులో 3 ఏళ్లలోపు దావా వేయవచ్చు. కోర్టు ఫీజు కట్టాలి, కాలం ఎక్కువ పడుతుంది. అక్కడా ఇదే కోర్ నివేదిక అవసరం.