తలుపు తెరవడానికి తొందరపడకు

తమ్ముడూ,

వందనాలు. ఫిలిప్పీ చెరసాల మీద నువ్వు రాసి పంపిన కథ తీరిగ్గా చదివాను. భాష బావుంది, ఎక్కడా సాగదీయలేదు. కానీ పౌలు, సీల జైల్లో పడ్డ నాలుగో వాక్యానికే భూకంపం వచ్చేసింది. తలుపులు తెరుచుకున్నాయి, సంకెళ్ళు ఊడాయి, ఇక అక్కణ్ణించి చివరిదాకా వెలుగే వెలుగు. కన్వెన్షన్ పందిట్లో కూర్చుని వినేవాళ్ళకి ఇది చాలు. వాళ్ళకి కథ ముందే తెలుసు, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అనే ఎదురుచూస్తారు. కథ చదివే మనిషికి మాత్రం ముందు ఆ తలుపు మూసుకున్న చప్పుడు వినపడాలి.

బైబిల్లోని చెర మీద ఇంకా కథలు రాస్తానన్నావు. సంతోషం. రాసేముందు నాకు తోచినవి చెబుతాను, పనికొచ్చినవి ఉంచుకో.

నీ కథలో అధికారులు పౌలుకి ఏడేళ్ళ జైలుశిక్ష వేశారు. అది కుదరదు. ఆ రోజుల్లో జైలంటే చాలావరకు సంగతి తేలేదాకా మనిషిని పడేసి ఉంచే చోటు. మోషే ధర్మశాస్త్రం మొత్తం తిరగేసినా ఫలానా నేరానికి ఇన్నేళ్ళు జైలు అని ఎక్కడా ఉండదు. ఎద్దును దొంగిలించి కోసుకుంటే ఐదు ఎద్దులు కట్టాలి, గొర్రెకైతే నాలుగు గొర్రెలు. పొరపాటున ఒకడి ప్రాణం తీసినవాడు ఆశ్రయపురానికి పారిపోవాలి. విశ్రాంతిదినాన కట్టెలు ఏరుకున్నవాణ్ణి కావలిలో ఉంచింది కూడా ఏం చెయ్యాలో తెలిసేవరకే. జైళ్ళు ఫరోవి, ఫిలిష్తీయులవి, బబులోనువి, హేరోదువి, రోమువి. ఆనక యూదా రాజులూ ఆ విద్య నేర్చుకున్నారు.

దీనివల్ల నీ కథకు పనికొచ్చే సంగతి ఒకటుంది. శిక్ష పడినవాడు గోడ మీద గీతలు గీసి రోజులు లెక్కపెట్టుకోవచ్చు. రిమాండులో ఉన్నవాడికి ఆ వీలు కూడా లేదు. యోసేపు, యిర్మీయా, బాప్తిస్మమిచ్చు యోహాను, పౌలు, వీళ్ళెవరికీ విడుదల తేదీ తెలియదు. కైసరయలో రోమా గవర్నరు ఫేలిక్సు పౌలును రెండేళ్ళు అలాగే ఉంచేశాడు. లంచం ముడుతుందని ఆశపడి మాటిమాటికీ పిలిపించి మాట్లాడేవాడని అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం దాపరికం లేకుండా చెబుతుంది. బదిలీ అయి వెళ్ళేటప్పుడు కూడా యూదుల దగ్గర మంచి అనిపించుకోవాలని పౌలును జైల్లోనే వదిలి వెళ్ళాడు. ఇది రాయి. మన పాఠకుడికి ఫేలిక్సును పరిచయం చెయ్యక్కర్లేదు.

యోసేపు సంగతి చూడు. ఆదికాండం 40వ అధ్యాయం చివరి వచనంలో నా సంగతి ఫరోతో చెప్పమని యోసేపు జైల్లో అడిగిన పానదాయకుల అధిపతి, బయటపడ్డాక అతన్ని మరిచిపోయాడు. 41వ అధ్యాయం మొదటి వచనానికి రెండేళ్ళు గడిచిపోయాయి. మధ్యలో ఒక్క ముక్క లేదు. ఇవాళ కబురొస్తుంది, రేపొస్తుంది అని చూసినవాడు ఏ రోజున చూడ్డం మానేశాడు? మూలం ఊరుకున్న ఆ చోటే కథకుడికి దొరికిన జాగా. అతని కాళ్ళ గురించి కూడా ఆదికాండం ఏమీ చెప్పదు. సంకెళ్ళు ఆ కాళ్ళను నొప్పించాయన్న మాట మనకు 105వ కీర్తనలో దొరుకుతుంది. పాట కట్టినవాడికి కాళ్ళు గుర్తొచ్చాయి చూడు!

సమ్సోను గాజాలో తిరగలి విసరడం మీద ఇప్పటికే కావలసినన్ని రాతలున్నాయి, దాన్ని వదిలెయ్.

నువ్వు కూర్చుని చదవాల్సింది యిర్మీయా గ్రంథం 37, 38 అధ్యాయాలు. చెరను అంత దగ్గరగా చూసి రాసిన చోటు బైబిల్లో ఇంకోటి లేదని నా అభిప్రాయం. యెరూషలేమును ముట్టడించిన బబులోను సైన్యం, ఐగుప్తు సైన్యం వస్తోందని విని కాస్త వెనక్కి తగ్గింది. ఆ సందులో ప్రవక్త యిర్మీయా తన వాటా భూమి పని మీద బెన్యామీను దేశానికి బయల్దేరాడు. పట్నపు గుమ్మం దగ్గర కాపలా అధికారి పట్టుకుని, శత్రువుల్లో కలిసిపోతున్నావన్నాడు. కాదు మొర్రో అన్నా వినలేదు. కొట్టారు. యోనాతాను అనే లేఖికుడి ఇంటిని జైలుగా మార్చారు, అందులో వేశారు. చాలా రోజుల తర్వాత రాజు సిద్కియా చాటుగా పిలిపించి, దేవుడి దగ్గర్నుంచి ఏమైనా మాట ఉందా అని అడిగాడు. ఉంది, నువ్వు బబులోను రాజు చేతికి చిక్కుతావు అని మొహమాటం లేకుండా చెప్పాడు ప్రవక్త. ఆ నోటితోనే బతిమాలుకున్నాడు, నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపకు, అక్కడ చచ్చిపోతాను అని. ప్రసంగాల్లో మొదటిది వినపడుతుంది, రెండోది వినపడదు. నువ్వు రెండూ ఉంచు, పక్కపక్కనే ఉంచు.

రాజు అతన్ని బందీగృహపు ప్రాంగణానికి మార్చాడు. రొట్టెలు కాల్చేవాళ్ళ వీధి నుంచి రోజుకొక రొట్టె ఇమ్మన్నాడు, పట్నంలో రొట్టెలు ఉన్నన్నాళ్ళు. ముట్టడిలో ఉన్న ఊరది. రొట్టె రాని రోజంటూ వచ్చిందంటే ఊరి పని అయిపోయినట్టే. రోజూ ఆ రొట్టె తెచ్చే మనిషి ముఖం చూసి యిర్మీయా ఊరి సంగతి ఎంత తెలుసుకుని ఉంటాడో ఆలోచించు.

తర్వాత అధికారులు అతన్ని తాళ్ళతో గోతిలోకి దించారు. నీళ్ళు లేవు, బురద. అందులో కూరుకుపోయాడు. రాజు చేతులెత్తేశాడు. అడ్డుపడినవాడు ఎబెద్మెలెకు అనే కూషీయుడు, రాజు ఇంట్లో కొలువు చేసే పరదేశి. రాజుతో మాట్లాడి ముప్పైమందిని వెంట తీసుకుని బయల్దేరాడు. గోతి దగ్గరికి పోయేముందు ఖజానా కింది గదిలోకి వెళ్ళి పాత గుడ్డలు, చిరిగిపోయిన బట్టలు ఏరుకొచ్చాడు. వాటిని కిందికి దించి, చంకల్లో పెట్టుకుని ఆ పైన తాళ్ళు వేసుకోమన్నాడు. తిండి లేక చిక్కిపోయిన మనిషిని బురదలోంచి లాగితే తాడు ఒరుసుకుంటుందని అతనికి తెలుసు. ఆ గుడ్డలు లేకపోయినా ప్రవక్త పైకొచ్చేవాడు, కథ నడిచేది. అయినా రాసినవాడు వాటికోసం వచనాలు కేటాయించాడు.

నీ కథలో అలాంటి గుడ్డపేలిక ఒక్కటీ లేదు. మూలంలో ఉంది. జైలరు ఆ రాత్రివేళ వాళ్ళ గాయాలు కడిగాడని అపొస్తలుల కార్యములలో లూకా రాశాడు. అంటే అర్ధరాత్రి పాడిన పాటలు బెత్తం దెబ్బలు తిన్న వీపులతో, బొండలో, అంటే కొయ్య చట్రంలో, బిగించిన కాళ్ళతో పాడినవి. నువ్వు ఆ కడగడం వదిలేసి సరాసరి బాప్తిస్మానికి వెళ్ళిపోయావు. పోనీ, ఆ జైలరు చేత గ్రాంథికం మాట్లాడించకు. ఇంట్లో గిన్నెతో నీళ్ళు తెమ్మని కేకేసేవాడు “తెమ్మనెను” అన్న ధోరణిలో ఉండడు.

ఇంకో మాట. గోతిలోంచి తీసినంత మాత్రాన యిర్మీయాకి విడుదల కాలేదు. మళ్ళీ ప్రాంగణంలోకే తెచ్చారు. క్రీ.పూ. 586లో పట్నం పడిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అంతకుముందు ఒకసారి బొండలో రాత్రంతా గడిపి బయటికొచ్చాక, నువ్వు నన్ను మోసం చేశావని దేవుణ్ణే నిలదీశాడు, తను పుట్టిన రోజును శపించాడు. గోల్కొండ చెరలో రామదాసు తన రాముణ్ణి అడిగిన అడుగుళ్ళు విని పెరిగినవాళ్ళం, మనకు ఇది కొత్త కాదు. కానీ క్రైస్తవ కథ రాయబోయేసరికి ఎందుకో అందరికీ చెయ్యి ఆగుతుంది.

అసలు సంగతికి వస్తాను. యిర్మీయా 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. యెహోయాకీను రాజునీ, వేలమందినీ బబులోను పట్టుకుపోయిన తర్వాతి మాట. హనన్యా దేవాలయంలో అందరి ముందూ, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని లాక్కుని విరగ్గొట్టాడు. యిర్మీయా మొదట ఏమన్నాడో తెలుసా? ఆమేన్, నువ్వన్నట్టే జరగాలి అన్నాడు. తనకూ కావలసింది అదే మరి. కానీ చెరలో ఉన్నవాళ్ళకి అతను రాసిన ఉత్తరం వేరు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న ఆ పట్నం క్షేమం కోరండి, 70 ఏళ్ళు పడుతుంది అని. ఆ ఉత్తరం అందుకున్న ముసలివాళ్ళ ముఖాలు ఊహించు. నాలుగో వాక్యానికే తలుపు తెరిచే కథకుడు హనన్యా కోవలోకి వస్తాడు. నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకు.

ఆ యెహోయాకీను 18 ఏళ్ళకు రాజై, మూడు నెలలకే చెరలోకి పోయాడు. చెరలోకి పోయిన 37వ ఏట బయటికి తీసి, జైలు బట్టలు మార్పించి బబులోను రాజు బల్ల దగ్గర భోజనం పెట్టారు. రాజుల రెండో గ్రంథం అక్కడితో ఆగిపోతుంది. ఇంటికి వెళ్ళాడని లేదు. బబులోను తవ్వకాల్లో దొరికి, 1939లో ప్రచురించిన మట్టి పలకల మీద యూదా రాజైన అతనికీ, అతని ఐదుగురు కొడుకులకూ కొలిచి ఇచ్చిన నూనె లెక్కలున్నాయి. ఒక రాజవంశం రేషన్ చిట్టాలో మిగిలింది! దీని మీద నవల రాయొచ్చు, నాకు ఓపిక లేదు, నువ్వు రాయి.

137వ కీర్తన వాడుకుంటే చివరిదాకా వాడుకో. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చినంతవరకే తీసుకుని, పసిపిల్లల్ని బండకేసి కొట్టాలన్న వచనం దగ్గర పుస్తకం మూసెయ్యడం మనకు అలవాటు. చెర మనిషిని మెత్తబరుస్తుందని ఆ పాట కట్టినవాడు అబద్ధమాడలేదు.

ఇక తెరుచుకోని తలుపు. నజరేతు సమాజమందిరంలో యేసు యెషయా గ్రంథం విప్పి చదివినప్పుడు చెరలో ఉన్నవారికి విడుదల అన్న మాట అందులో ఉంది. తర్వాత యోహాను హేరోదు జైల్లోంచి శిష్యుల్ని పంపి, రాబోయేవాడివి నువ్వేనా అని అడిగించాడు. గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, చనిపోయినవారు లేస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది అని జవాబు వెళ్ళింది. ఖైదీల ప్రస్తావన అందులో లేదు. ఆ కబురు విన్న యోహానుకి లేనిదేమిటో అర్థమై ఉండాలి. ఆ జైల్లోనే అతని తల తీశారు. నువ్వు ఈ ఘట్టం రాస్తే దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని సమాధానం చెప్పకు.

రోము జైళ్ళలో ఖైదీ తిండీ బట్టా చాలావరకు బయటివాళ్ళే చూసుకోవాలి. ములాఖత్‌కి ఎవరూ రాకపోతే పస్తే. “చెరసాలలో ఉంటిని, నాయొద్దకు వచ్చితిరి” అని యేసు అన్న మాటలో ఇంత అన్నం, ఒక దుప్పటి కూడా ఉన్నాయని మరిచిపోకు. పౌలు పేరున శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో ఒనేసిఫోరు అనే అతను పౌలు సంకెళ్ళకు సిగ్గుపడకుండా రోములో వెతుక్కుంటూ వచ్చాడని ఉంది. వెతకాల్సి వచ్చిందంటే ఎక్కడ ఉంచారో చెప్పేవాళ్ళు లేరన్నమాట. ఆ పత్రిక చివర్లోనే త్రోయలో కర్పు దగ్గర వదిలేసిన అంగీ తెమ్మనీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మనీ, శీతాకాలం రాకముందే రమ్మనీ ఉంటుంది. తిమోతి వచ్చాడో లేదో లేదు.

నీ ఫిలిప్పీ కథను ఇప్పుడే తిరగరాయకు, పక్కన పెట్టు. ముందు అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తియ్యి. పేతురును దేవదూత బయటికి నడిపించింది అందులోనే. దానికి ముందే, ఆ అధ్యాయంలోనే, అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించారు. పేతురు కాపలాకి నలుగురేసి చొప్పున నాలుగు జట్లు. రెండు గొలుసులతో ఇద్దరు సైనికుల మధ్య పడుకోబెట్టారు. తెల్లారాక హేరోదు ఆ కావలివాళ్ళను విచారించి చంపమన్నాడు. వాళ్ళు చేసిన తప్పేమిటో ఏ ప్రసంగంలోనూ నేను వినలేదు. వాళ్ళలో ఒకడి కథ రాయి. దేవదూతను చూపించకు, వాడు చూడలేదు కదా. నిద్రలేచేసరికి పక్కన ఖైదీ లేని దగ్గర మొదలుపెట్టి, విచారణలో వాడేం చెప్పాడో రాయి. పేజీలు ఎన్నైనా ఫర్వాలేదు. క్రిస్మస్ హడావిడి మొదలవకముందే పంపు, తర్వాత నాకు తీరిక దొరకదు.

ఉంటాను,
మీ అన్నయ్య