సీలు తీయని అమీబో బొమ్మలు బాబు కాలేజీ ఖర్చుకు పనికొస్తాయా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. మా బాబుకు పదకొండేళ్లు. మూడేళ్లుగా నింటెండో గేమ్ కంపెనీ వాళ్ల అమీబో బొమ్మలు పోగేస్తున్నాడు. బొమ్మను కంట్రోలర్ మీద పెడితే గేమ్‌లో అదనపు ఆయుధాలు, దుస్తులు వస్తాయి. ఇప్పటికి 46 అయ్యాయి. ఏడాదిగా మావారు ప్రతి బొమ్మా రెండేసి కొంటున్నారు. ఒకటి బాబుకు, రెండోది సీలు తీయకుండా క్లోజెట్‌లోకి. అలా దాచినవి 28 ఉన్నాయి. "పదేళ్లు ఆగితే వీటి ధర పదింతలవుతుంది, వాడి కాలేజీకి అక్కరకొస్తాయి" అంటారు. నెలకు 90 డాలర్ల దాకా వీటికే పోతోంది. క్రెడిట్ కార్డు మీద 2,400 డాలర్ల బాకీ ఉంది. వడ్డీ 22 శాతం, నెలకు 150 కడుతున్నాం. కాలేజీ చదువు కోసం పొదుపు చేసే 529 ఖాతా తెరిచి 500 డాలర్లు వేసి వదిలేశాం. ఇది నిజంగా పెట్టుబడేనా? బొమ్మలు ఉంచాలా, అమ్మాలా? వాడికి వద్దని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఖర్చులు కలిసిపోయి ఉన్నాయి. బాబు ఆడుకునే బొమ్మ ఒకటి, క్లోజెట్‌లో పెట్టిన బొమ్మ ఒకటి. రెండూ ఒకే కొట్లో, ఒకే ధరకు కొన్నవే అయినా నా దృష్టిలో ఒక్కటి కావు. మొదటిదాని మీద నాకు పెద్దగా అభ్యంతరం లేదు. రెండోదాన్ని మాత్రం ఈ నెలే ఆపేయమంటాను.

ముందు బాబు బొమ్మల సంగతి. అమీబో అడుగున, ఆ గుండ్రటి పీట లోపల ఒక చిన్న ఎన్‌ఎఫ్‌సీ చిప్ ఉంటుంది. మనం దుకాణంలో కార్డు తాకించి డబ్బు కట్టే పద్ధతి లాంటిదే. నింటెండో గేమ్ మెషీన్ స్విచ్‌లో కుడిచేతి కంట్రోలర్ స్టిక్ మీద బొమ్మను ఆనిస్తే గేమ్ దాన్ని గుర్తుపడుతుంది. 2017లో వచ్చిన జెల్డా గేమ్ 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో అలా ఆనిస్తే ఆకాశం నుంచి పెట్టె దిగుతుంది, చుట్టూ మాంసం, చేపలు, పండ్లు రాలతాయి. వుల్ఫ్ లింక్ బొమ్మ పెడితే ఒక తోడేలు తోడు వచ్చి మనతోపాటు వేటాడుతుంది. మా అక్క కొడుకు మొదటిసారి అది చేసినప్పుడు నేను పక్కనే కూర్చుని ఉన్నాను. తోడేలు ప్రత్యక్షం కాగానే వాడు కంట్రోలర్ వదిలేసి, బొమ్మను రెండు చేతులతో పట్టుకుని దాని ముఖంలోకి చూశాడు. పిల్లలకు ఆ బొమ్మ అంత దగ్గరిది. పిల్లవాడి సంతోషానికి పెట్టిన ఖర్చును నేను దుబారా అనను.

కానీ ఖర్చును ఖర్చు అనే అనాలి. సినిమాకు వెళ్లొచ్చాక ఆ టికెట్ తిరిగి అమ్ముకుందామని ఎవరూ అనుకోరు కదా. మన ఇళ్లలో బొమ్మల కొలువు చూడండి. అమ్మమ్మ కొన్న కొండపల్లి బొమ్మలు అమ్మ చేతికి, అక్కడి నుంచి మీ చేతికి వస్తాయి. సంక్రాంతికో దసరాకో అటక మీంచి దింపి, దుమ్ము తుడిచి మెట్ల మీద పేరుస్తాం. వాటిని అమ్మితే ఎంతొస్తుందని ఏ అమ్మమ్మా లెక్క వేసి ఉండదు. బాబు బొమ్మల్నీ అలాగే చూడండి. కొన్న రోజునే ఆ డబ్బు ఖర్చయిపోయింది, దానికి తగ్గ ఆనందం ఇంట్లో ఉంది. అంతవరకు బాగానే ఉంది.

ఇక క్లోజెట్‌లోని 28. మీవారు చెప్పే మాట ఊరికే పుట్టలేదు, అందుకు కారణం ఉంది. అమీబోలు అమెరికాలో 2014 నవంబరులో 12.99 డాలర్ల ధరతో వచ్చాయి. తొలి నెలల్లోనే మార్త్, విలేజర్, వీ ఫిట్ ట్రైనర్ అనే మూడు బొమ్మలు కొట్లలో దొరక్కుండా పోయాయి. కొన్నవాళ్లు వాటిని ఆన్‌లైన్‌లో ఎన్నో రెట్లకు అమ్ముకున్నారు. అదే ఏడాది డిసెంబరులో, తయారీలో పొరపాటున రెండు చేతులకూ ఫిరంగి అమర్చిన సేమస్ బొమ్మ ఒకటి వేలంలో 2,500 డాలర్లు పలికింది. ఇలాంటి కథలు ఒకసారి చెవిన పడితే మరిచిపోవడం కష్టం.

తర్వాత జరిగింది అంతగా ప్రచారం కాలేదు. నింటెండో ఆ బొమ్మల్నే మళ్లీ తయారుచేసి కొట్లకు పంపింది. సరుకు రాగానే ధరలు దిగిపోయాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బంగారం గనిలో ఎంత ఉందో అంతే ఉంటుంది, ఊళ్లో స్థలం పెరగదు. అమీబో మాత్రం కంపెనీ అచ్చు పోసినన్ని వస్తాయి. కరవు తేవడమూ, తీర్చడమూ రెండూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. మీ క్లోజెట్‌లో ఉన్న బొమ్మను కంపెనీ వచ్చే ఏడాది మళ్లీ వదులుతుందో లేదో మీకు గానీ మీవారికి గానీ ముందుగా తెలిసే మార్గం లేదు. సేమస్ బొమ్మ సంగతి వేరు. అది తయారీలో పొరపాటు, అలాంటిది ఇంకొకటి సులువుగా దొరకదు కాబట్టి ఆ ధర వచ్చింది. మీరు కొన్నవి సరిగ్గా తయారైన బొమ్మలు, వేలకు వేలు ఉంటాయి. పైగా మీవారిలాగే ఆలోచించి సీలు తీయకుండా దాచినవాళ్లు చాలామంది ఉన్నారు. పదేళ్ల తర్వాత వాళ్లంతా అమ్మడానికి ఒకేసారి వస్తే కొనేవాళ్లు ఎవరు?

ఒక బొమ్మ లెక్క కాగితం మీద వేద్దాం. ధర 15.99 అనుకుందాం. మీ ఊళ్లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం కలిపితే 17.31. అమ్మేటప్పుడు సైటు కమిషన్ సుమారు 13 శాతం. పెట్టె నలగకుండా ప్యాక్ చేసి పంపడానికి తక్కువలో తక్కువ ఆరు డాలర్లు అనుకుందాం. అంటే అది దాదాపు 27 డాలర్లకు అమ్ముడుపోతే మీ 17 డాలర్లు మీకు తిరిగి వస్తాయి. లాభం ఇంకా మొదలే కాలేదు. కొన్న ధర మీద సగానికి పైగా పెరిగితే తప్ప అసలు కూడా చేతికి రాదు. ఇందులో పోస్టాఫీసుకు తిరిగిన మీ టైమ్, పెట్టె మూల సొట్ట పోయిందని కొన్నవాళ్లు వెనక్కి పంపితే పడే తలనొప్పి కలపలేదు.

ఈ రకం బొమ్మల చరిత్ర కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. 2011లో స్కైలాండర్స్‌తో ఈ వ్యాపారం ఊపందుకుంది. 2013లో డిస్నీ ఇన్ఫినిటీ వచ్చింది, 2016 మేలో డిస్నీ దాన్ని మూసేసింది. 2015లో వచ్చిన లెగో డైమెన్షన్స్ స్టార్టర్ ప్యాక్ 99.99 డాలర్లు. రెండేళ్లు తిరిగేసరికి దానికి కొత్త ప్యాక్‌లు ఆగిపోయాయి. ఇవేవీ పనికిమాలిన బొమ్మలు కావు, చాలా అందంగా ఉండేవి. మా వీధిలో ఒక శనివారం గరాజ్ సేల్‌లో స్కైలాండర్స్ బొమ్మలు నిండా పోసిన అట్టపెట్టె చూశాను. ఒక మూల పచ్చరంగు స్టిక్కర్ మీద 'ఒకటి ఒక డాలర్' అని రాసి ఉంది. పక్కన వాటిని పెట్టి ఆడే ఆ పోర్టల్ కూడా ఉంది, వైరు చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి. గేమ్ ఆగిపోతే చిప్‌కు పనిలేదు, చిప్‌కు పనిలేకపోతే అది ప్లాస్టిక్ బొమ్మే. అమీబో వాటికంటే ఎక్కువ కాలం నిలిచిన మాట నిజం, ఒకే బొమ్మ చాలా గేముల్లో పనిచేయడం దానికి కలిసొచ్చింది. అంతమాత్రాన దాన్ని నమ్ముకుని కాలేజీ ఫీజు లెక్క వేయకూడదు.

మీరు రాసిన అంకెల్లో నన్ను నిజంగా బాధపెట్టింది కార్డు బాకీ. 2,400 మీద 22 శాతం అంటే ఇప్పుడు నెలకు 44 డాలర్లు వడ్డీకే పోతున్నాయి. ప్రతి నెలా రెండున్నర బొమ్మల ఖరీదు బ్యాంకుకు ఊరికే ఇస్తున్నారన్నమాట. అలాంటి బాకీ నెత్తిన పెట్టుకుని దాచిన బొమ్మ, ఏటా 22 శాతం పెరిగితే గానీ మీకు నష్టం లేకుండా ఉండదు. అలా ఏళ్ల తరబడి ఆగకుండా పెరిగే వస్తువు ఏదీ నాకు తెలియదు.

కాబట్టి నెలకు పెడుతున్న 90 డాలర్లను విడగొట్టండి. 20 డాలర్లు బాబుకు, అది పూర్తిగా వాడి డబ్బు. మిగతా 70 కార్డుకు, ఇప్పుడు కట్టే 150కి తోడుగా. ఇప్పటిలా 150 చొప్పునే కడితే బాకీ తీరడానికి 19 నెలలు పైనే పడుతుంది. 220 చొప్పున కడితే ఏడాది దాటిన కొద్ది రోజులకే తీరిపోతుంది. ఈలోగా ఆ కార్డు మీద కొత్తగా ఏమీ కొనకూడదు, అదొక్కటే షరతు.

క్లోజెట్‌లోని 28 పెట్టెల్నీ ఒకరోజు మంచం మీద పరవండి. రసీదు ఉండి, కొట్టు ఇచ్చిన గడువు దాటనివి తిరిగిచ్చేయండి. అందులో నామోషీ ఏమీ లేదు. మిగతావాటికి ఆన్‌లైన్‌లో ధర చూడండి. అమ్మేవాళ్లు అడుగుతున్న ధర కాదు, ఇప్పటికే అమ్ముడుపోయినవాటి ధర చూడాలి. అడగడానికి ఎవరైనా వంద అడుగుతారు. 27 డాలర్లు దాటి పలికేవి ఏవైనా ఉంటే ఆలస్యం చేయకుండా అమ్మి, వచ్చిన డబ్బు కార్డుకు కట్టండి. అంత రానివాటిని తక్కువకు అమ్ముకుని చేతులు కాల్చుకోవద్దు. బాబు ఈడు పిల్లల పుట్టినరోజులు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి, ప్రతిసారీ ఇరవై డాలర్లకు తక్కువ కాకుండా గిఫ్ట్ కొనాల్సిందే. ఆ పెట్టెలు అక్కడ వాడండి. స్విచ్ ఉన్న పిల్లలకు అంతకంటే నచ్చే గిఫ్ట్ ఉండదు. అలా పెట్టిన 17 డాలర్లూ మీకు దక్కుతాయి.

బాకీ తీరిన నెల నుంచి అదే 70 డాలర్లను 529కి మళ్లించండి. అప్పటికి బాబుకు పన్నెండు దాటుతుంది, కాలేజీకి ఆరేళ్లు ఉంటాయి. ఏడాదికి సగటున 6 శాతం వస్తుందనుకుంటే ఆరేళ్లలో దాదాపు 6,000 డాలర్లు అవుతాయి. మార్కెట్ కాబట్టి అటూ ఇటూ కావచ్చు. మీరు వేసేది అందులో 5,040. చదువుకే వాడితే పెరిగిన సొమ్ముపై ఫెడరల్ పన్ను ఉండదు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్నే లేదు కాబట్టి సొంత రాష్ట్రం ప్లాన్‌లో వేస్తే రాష్ట్ర పన్ను తగ్గుతుందనే లెక్క మీకు వర్తించదు. ఏ రాష్ట్రం ప్లాన్ అయినా తీసుకోవచ్చు, చార్జీలు తక్కువున్నది చూసుకోండి. ఒకవేళ కొంత మిగిలిపోయినా, ఖాతా తెరిచి 15 ఏళ్లు నిండాక నిబంధనల మేరకు బాబు పేరిట రాత్ ఐఆర్ఏ అనే రిటైర్‌మెంట్ పొదుపు ఖాతాకు మార్చుకునే వీలు 2024 నుంచి వచ్చింది. ఆ 15 ఏళ్ల లెక్క మీరు 500 వేసిన రోజు నుంచే మొదలైంది, అది మీకు మంచిదే. ఆరు వేలతో కాలేజీ అయిపోదని నాకూ తెలుసు. కానీ ఈ ఆరు వేలు వాడికి ఉంటాయి.

చివరగా మీకు ఎక్కువ టెన్షన్ పెడుతున్న విషయం, వాడికి వద్దని చెప్పడం. వద్దని చెప్పకండి. నెలకు 20 డాలర్లు వాడి చేతికివ్వండి, ఏ బొమ్మ కొనాలో వాడే ఎంచుకుంటాడు. ఖరీదైనది కావాలంటే రెండు నెలలు ఆగుతాడు. స్కైవర్డ్ స్వోర్డ్ గేమ్‌తో 2021లో వచ్చిన జెల్డా, లాఫ్ట్‌వింగ్ బొమ్మ ధర అప్పుడు 24.99 డాలర్లు. అలాంటిది వాడి మనసులో ఉంటే ఒక నెల డబ్బు సరిపోదు, ఆ ఆగడం వాడికి మేలే చేస్తుంది. పండగలకు, పుట్టినరోజుకు అమ్మమ్మ, తాతయ్య ఇచ్చే డబ్బు కూడా అందులో కలుపుకోవచ్చని చెప్పండి, కాకపోతే సగం 529కి.

ఇంకో దారి చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. గేములో బహుమతులు తీసుకోవడానికి బొమ్మ మీ సొంతదే కానక్కర్లేదు. స్నేహితుడి బొమ్మను మీ కంట్రోలర్ మీద పెట్టినా 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' లాంటి గేముల్లో పెట్టె దిగుతుంది. అలా తీసుకున్నంతలో బొమ్మలో ఏదీ తరిగిపోదు. 'స్మాష్ బ్రదర్స్' లాంటి కొన్ని గేములు బొమ్మలోకి తమ వివరాలు రాసుకుంటాయి, వాటికి మాత్రం అరువు అంతగా పనికిరాదు. ఆదివారం ఇద్దరు ముగ్గురు పిల్లలు తమ బొమ్మలు తెచ్చుకుని మీ ఇంట్లో కూర్చుంటే, కొత్తగా ఒక్కటీ కొనకుండా ఆ రోజు బోలెడు పెట్టెలు తెరుచుకుంటాయి. కొనబోయే ముందు ఆ వస్తువు గేములో మామూలుగా దొరుకుతుందో లేదో కూడా వాడినే వెతకమనండి. పాత జెల్డాలో అమీబోతో మాత్రమే దొరికిన దుస్తులు చాలావరకు 2023లో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్'లో గుహలు, మూలలు గాలిస్తే దొరుకుతాయి.

మీవారితో మాట్లాడేటప్పుడు "నువ్వు డబ్బు తగలేశావు" అని మొదలుపెట్టకండి. ఆయన కొన్నది కొడుకు కాలేజీ కోసమే, ఆ ఉద్దేశంలో తప్పు లేదు. కార్డు స్టేట్‌మెంట్ ఒకటి, పైన నేను వేసిన 27 డాలర్ల లెక్క ఒకటి పక్కపక్కన పెట్టి ఆయన్నే చూడనివ్వండి. రసీదుల గడువు దాటకముందే, ఈ వారంలోనే కూర్చుంటే మంచిది.