సుగ్గికి ముందే ఇల్లిల్లూ తిరుగు

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

మెగా డీఎస్సీలో టీచరుగా ఎంపికై కర్నూలు జిల్లా కోసిగి మండలంలో చేరావని, ఏడాదిలో బడి పిల్లల సంఖ్యను రెట్టింపు చేస్తానని ఊరివాళ్ళకు మాట ఇచ్చావని మీ అమ్మ చెప్పింది. విని పొంగిపోయాను. ఆ మాట ఇచ్చిన తొందరకు మాత్రం భయపడ్డాను.

రిజిస్టర్లు సరిచూసుకో, మధ్యాహ్న భోజనం ముందు నువ్వు రుచి చూడు, యాజమాన్య కమిటీ సమావేశం వదలకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమంతా సుగ్గి, అంటే పనుల కోసం ఊరొదిలి వెళ్ళే వలస గురించి. పత్తి తీతకు, మిరప కోతకు కుటుంబాలు గుంటూరు వైపు, తెలంగాణ వైపు కదిలితే పిల్లలూ వెంట వెళ్తారు. నేను పనిచేసే రోజుల్లో పక్క ఊళ్ళో ఒక ప్రధానోపాధ్యాయుడు ఉండేవాడు. చెడ్డవాడు కాదు. పిల్లలు తగ్గితే బడిలో రెండో టీచరు పోస్టు పోతుందని, వలస వెళ్ళినవాళ్ళందరికీ హాజరు వేసేవాడు. తల్లిదండ్రులు సంతోషించారు, అధికారులు మెచ్చుకున్నారు. తల్లిదండ్రులు వలస వెళ్ళినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకునేందుకు పెట్టేది సీజనల్ హాస్టల్. కాగితం మీద బడి నిండుగా ఉన్న ఊరికి దాన్ని ఎవరిస్తారు? వేసవికి ముందు తిరిగొచ్చిన పిల్లలు నాలుగో తరగతిలో కూర్చుని రెండో తరగతి వాచకం చదవలేక తలలు దించుకునేవారు. అది చూసి, కాస్త ఉన్నవాళ్ళు తమ పిల్లలను ఒక్కొక్కరుగా ఆదోని ప్రైవేటు బడి బస్సు ఎక్కించారు. ఏ పోస్టు కోసం అదంతా చేశాడో అదీ పోయింది. మిరపచేల దగ్గర తమ్ముణ్ణి చూసుకోవడానికి వెళ్ళిన ఒక పెద్దపిల్ల మరుసటి ఏడు బడికి రానేలేదు. ఎంత చురుకైన పిల్లో! ఆ హాజరుపట్టీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నీ మీదా ఒత్తిడి వస్తుంది. పిల్లలను చదివించే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే తల్లికి వందనం పథకం కింద 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో 13,000 రూపాయలు పడ్డాయి. దానికి 75 శాతం హాజరు కావాలి. “మా పిల్లకు హాజరు వేయండి టీచరమ్మా” అని బతిమాలుతారు. వేయకు. ప్రైవేటు బడికి పంపే తల్లికీ ఆ డబ్బు వస్తుంది కనుక, దాన్ని చూపి పిల్లలను రప్పించుకోలేవు కూడా.

ఏ ఇల్లు ఎప్పుడు కదులుతుందో, ఎవరింట్లో అవ్వాతాతలు ఉండిపోతారో ఇప్పుడే రాసుకో. ఆ పట్టికతో మండల విద్యాధికారి దగ్గరికి వెళ్ళి హాస్టల్ అడుగు. ఆడపిల్లలున్న ఇళ్ళకు ముందు వెళ్ళు. కన్నడం మాట్లాడే ఇళ్ళుంటాయి, నాలుగు మాటలు నేర్చుకో.

చీకటి పడ్డాక ఒంటరిగా తిరగకు. అన్నం మానేసి తిరుగుతావని తెలుసు, చిన్నప్పటి నుంచీ నీ మొండితనం అంతే కదా తల్లీ. రెట్టింపు మాట ఈ ఏడాదికి పక్కన పెట్టు. పట్టిక పూర్తికాగానే నాకొక నకలు పంపు, నేనూ చూస్తాను.