మామిడి మీద పాడ్‌కాస్ట్: రెండు లక్షలు ముందే పెట్టాలా?

ప్రశ్న: మాది బంగారుపాళెం. మా అమ్మాయి తిరుపతిలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతోంది. కేవలం మామిడి సాగు గురించి ఒక పాడ్‌కాస్ట్ ఛానల్ పెడతానని, మైకులకూ గది హంగులకూ రెండు లక్షలు కావాలని అడుగుతోంది. ఆ డబ్బు ఎమ్మెస్సీ కోసం దాచినది. ఇది బతుకుదెరువు అవుతుందా?

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న విషయం మంచిదే కాని, అడిగిన మొత్తం ఇప్పుడు ఇవ్వదగినది కాదు. వ్యవసాయమంతటి గురించీ మాట్లాడతానని అని ఉంటే వద్దనే చెప్పేవాడిని. కాని గుజ్జుకు వాడే తోతాపురి రకం మామిడి రైతుకు పూత నాటి తేనెమంచు పురుగు మొదలుకొని గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల బారు దాకా ఏడాది పొడవునా సందేహాలే. 2025 సీజనులో ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు చెల్లించాలని, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలుపుతుందని నిర్ణయించినప్పుడు, గుజ్జు నిల్వలకూ కాయ ధరకూ ఉన్న సంబంధాన్ని మన యాసలో నింపాదిగా విడమరిచి చెప్పేవారి అవసరం చాలా కనిపించింది. ఆ రోజు ధర తెలుసుకోవడానికి వాట్సాప్ గ్రూపు చాలు. ఆ ధర ఎందుకు అలా ఉందో చెప్పడానికే ఇరవై నిమిషాల కార్యక్రమం కావాలి.

ఇక ఖర్చు సంగతి. ఐదారు వేలకు దొరికే యూఎస్‌బీ మైకు, చేతిలో ఉన్న ల్యాప్‌టాప్, గొంతు రికార్డు చేసి సరిదిద్దుకోవడానికి ఉచితంగా లభించే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ తొలి ఏడాదికి సరిపోతాయి. ఫ్యాను ఆపి, చీరలూ దుప్పట్లూ నిండిన బీరువా తలుపులు బార్లా తెరిచి, దానికి ఎదురుగా మైకును జానెడు దూరంలో పెట్టుకుని మాట్లాడమనండి; గోడలకు తగిలి తిరిగివచ్చే శబ్దాన్ని ఆ బట్టలు చాలావరకు మింగేస్తాయి. (కుక్కరు కూతల బాధ్యత మాత్రం ఇంట్లో వాళ్ళదే.) ఆడియోను 64 కేబీపీఎస్ మోనో ఫైలుగా, అంటే మాటలకు సరిపోయే చిన్న సైజు ఫైలుగా చేస్తే ఇరవై నిమిషాల భాగం పది ఎంబీలోపే ఉంటుంది కనుక, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే తోటల దగ్గర కూడా రైతులు దించుకుని వినగలరు.

ఆదాయం విషయంలో చాలామంది పొరబడేది ప్రకటనల దగ్గర. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఒక్కొక్కరు సగటున పది నిమిషాలు విన్నా ఆ గంటలు పూర్తికావడానికి 24,000 సార్లు వినాల్సి ఉంటుంది. దాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు. అయితే మూడు వందల మంది మామిడి రైతులు క్రమంగా వింటున్నారని లెక్క చూపగలిగితే నర్సరీ యజమానికీ, డ్రిప్ పరికరాల డీలరుకూ కావలసిన ఖాతాదారులు వాళ్ళే. అందువల్ల భాగానికి ఇంతని కాకుండా సీజనుకు ఇంతని ఒకే మొత్తం మాట్లాడుకుని, కాగితం మీద రాసుకుని, ప్రాయోజకుల పేరు ప్రతి భాగం మొదట్లోనే చెప్పాలి. పురుగుమందుల వాళ్ళ డబ్బు మాత్రం ఎంత ఇచ్చినా వద్దని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ మందు ఎప్పుడు కొట్టాలో చెప్పే గొంతు మీద రైతుకు ఒక్కసారి అనుమానం వస్తే మళ్ళీ నమ్మడు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ, కళాశాలలకూ ఆడియో తయారుచేసి ఇవ్వడం మరో దారి. నిజానికి తొలి రెండేళ్ళలో చేతికి వచ్చే డబ్బు ఎక్కువగా ఈ పని నుంచే రావచ్చు.

రెండు జాగ్రత్తలు. ఛానల్ ఖాతాలు ఆమె సొంత ఈమెయిలుతోనే తెరవాలి. స్నేహితుల ఈమెయిలుతో తెరిస్తే రేపు విడిపోయినప్పుడు ఛానల్ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. కాపీరైటు ఉన్న సినిమా పాటను అనుమతి లేకుండా ఒక్క ముక్క కూడా వాడకూడదు.

ఎమ్మెస్సీ డబ్బు కదపకండి. పదివేలు ఇచ్చి, ముందు ఎనిమిది భాగాలు రికార్డు చేసి దగ్గర పెట్టుకోమనండి. డిసెంబరులో పూత కనబడే నాటికి మొదటిది విడుదల చేసి, తర్వాత నెలకు రెండు చొప్పున వదిలితే ప్రవేశ పరీక్ష చదువుకూ అడ్డు రాదు. మార్చి చివరికి ఎందరు పూర్తిగా విన్నారో ఆ లెక్కతో ఆమెనే మీ ఎదుట కూర్చోమనండి. మిగిలిన డబ్బు మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు.