డాక్టర్ సలహా: మా అమ్మ ఉత్తి కాళ్ళతో 32 కిలోమీటర్లు నడిచింది, నేను కొండ మీద ఐదు పరుగెత్తలేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్ళు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మూడేళ్ళుగా వారానికి నాలుగు రోజులు బీచ్ రోడ్డులో పరుగెడుతున్నాను. పది కిలోమీటర్లు గంటలోపే అయిపోతుంది. ఈ మధ్య కుడి మోకాలు ముందు భాగంలో నొప్పి మొదలైంది. మెత్తటి బూట్లు మానేసి పల్చటి సోల్ ఉన్నవి వేసుకుంటే, వీలైతే ఉత్తి కాళ్ళతో పరుగెడితే మోకాలి నొప్పి పోతుందని మా రన్నింగ్ గ్రూపులో చెప్పారు. పల్చటి బూట్లు కొని రెండు వారాల పాటు రోజు విడిచి రోజు కైలాసగిరి ఎక్కి, పరుగున దిగాను. మొదట్లో పిక్కలు పట్టేశాయి, అవి సర్దుకున్నాయి. ఇప్పుడు ఎడమ పాదం పైన, వేళ్ళకి కాస్త వెనక నొప్పిగా ఉంది. పరుగెడుతుంటే పెరుగుతోంది, కొంచెం వాపు కూడా ఉంది. మా అమ్మ 63 ఏళ్ళ వయసులో చెప్పుల్లేకుండా సింహాచలం గిరి ప్రదక్షిణ చేసి వచ్చింది. నేను ఐదు కిలోమీటర్లకే కుంటుతుంటే నవ్వుతోంది. కొనసాగించవచ్చా? నాన్నగారికి షుగర్ ఉంది. నాకు ఉందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదు. అన్నట్టు, అమ్మకి మడమలు బాగా పగిలాయి. దానికీ ఏదైనా చెప్పండి.

జవాబు: ముందు ఆ ఎడమ పాదం సంగతి చూద్దాం. మోకాలు, బూట్లు, అమ్మగారి నవ్వు అన్నీ ఆ తర్వాతే.

ఈ పూటే ఒక పని చేయండి. కుర్చీలో కూర్చుని ఎడమ కాలు కుడి తొడ మీద పెట్టుకోండి. పాదం పైన వేళ్ళ మొదలు నుంచి చీలమండ వైపు ఒక్కో ఎముక వెంటే బొటనవేలితో నొక్కుకుంటూ రండి. చర్మం కింద ఐదు సన్నటి ఎముకలు వరసగా తగులుతాయి. పాదమంతా ఓ మాదిరిగా సలుపుతుంటే అంత కంగారు లేదు. రెండో ఎముక మీదో మూడో ఎముక మీదో రూపాయి బిళ్ళంత చోట నొక్కగానే ప్రాణం జిల్లుమంటే మాత్రం అది స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. అంటే ఎముక రెండు ముక్కలైందని కాదు, వెంట్రుకవాసి చీలిక. ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఒక దగ్గర నెర్రె విచ్చినట్టు. కవాతు చేసే సిపాయిల్లో ఎక్కువగా కనిపించేది కాబట్టి మా వైద్య పుస్తకాల్లో దీన్ని మార్చ్ ఫ్రాక్చర్ అని కూడా అంటారు.

మీరు చెప్పిన లక్షణాలు, వాపుతో సహా, అటే చూపిస్తున్నాయి. కాబట్టి పరుగు ఈ రోజు నుంచే ఆపేయండి. ఎముకల డాక్టరుకి చూపించుకుని ఎక్స్‌రే తీయించండి. ఇక్కడ చాలామంది పొరబడతారు. మొదటి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్‌రేలో ఈ చీలిక చాలాసార్లు కనిపించదు. ఫిల్మ్ నార్మల్‌గా ఉందనగానే మర్నాడు బూట్లు కట్టేస్తారు. అలా వెళ్ళి నిజంగానే విరగ్గొట్టుకుని వచ్చినవాళ్ళని చూశాను. ఎక్స్‌రే బాగున్నా ఒకే చోట నొప్పి ఉంటే ఎమ్మారై తీయిస్తాం, లేదంటే రెండు మూడు వారాలాగి మళ్ళీ ఎక్స్‌రే తీస్తాం. చీలికే అయితే సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో అతుక్కుంటుంది, ఆపరేషన్ అక్కర్లేదు. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరుగెత్తకండి. పాదం వద్దు వద్దని మొత్తుకుంటుంటే దాని నోరు నొక్కడమే అది. పనిలో పనిగా విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించండి. సముద్రం ఒడ్డున ఇంత ఎండలో ఉంటూ విటమిన్ డి తక్కువేంటని నవ్వుతారు గానీ, ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్ళలో అది తక్కువగా ఉండటం మాకు రోజూ కనిపించేదే.

ఇక అమ్మగారి విషయం. ఆవిడ నడిచారు, మీరు పరుగెత్తారు. తేడా మొత్తం అక్కడే ఉంది. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది. పరుగులో రెండూ గాల్లోకి లేస్తాయి, దిగేటప్పుడు ఒంటి బరువుకి రెండింతలు, ఒక్కోసారి మూడింతల భారం ఒక్క పాదం మీద పడుతుంది. పైగా ఆవిడ తరంలో చిన్నప్పటి నుంచి ఇంట్లో, పెరట్లో, బావి దగ్గర అంతా ఉత్తి కాళ్ళే. మీరేమో ఎల్‌కేజీ నుంచి బూట్లలోనే పెరిగారు. 1992లో మణిపాల్ డాక్టర్లు ఇద్దరు 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి ఒక వ్యాసం వేశారు. చెప్పులూ బూట్లూ వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలుంటే, వేసుకోని పిల్లల్లో 2.8 మందికే ఉన్నాయి. ముందు భాగం మూసుకుపోయిన బూట్లు వేసుకునేవాళ్ళలోనే అది ఎక్కువ. అంటే చెప్పుల్లేని పాదం గట్టిపడుతుందన్న మాటలో నిజం ఉంది. కాకపోతే అది ఎదిగే వయసులో, ఏళ్ళ తరబడి జరిగే పని. 38లో కొత్త బూట్లు కొని రెండు వారాల్లో అయ్యేది కాదు.

మీలాంటివాళ్ళని ముంచేది ఓపిక లేకపోవడం కాదు, ఓపిక ఎక్కువ ఉండటం. మూడేళ్ళ పరుగుతో గుండె, ఊపిరితిత్తులు తయారై ఉన్నాయి. కొండ ఎక్కినా ఆయాసం రాదు, అందుకని ఆగరు. పిక్క కండ కొత్త పనికి రెండు మూడు వారాల్లో అలవాటు పడుతుంది. మడమ వెనక తాడులా తగిలే స్నాయువుకి (అందరూ నరం అంటారు, అది నరం కాదు) నెలలు పడుతుంది. ఎముక సంగతి ఇంకో తీరు. కొత్త బరువు పడగానే అది ముందు తనలోని పాత సరుకు కొంత తీసేసి, తర్వాత కొత్తది పోసుకుంటుంది. ఆ మధ్య వారాల్లో మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. పిక్క నొప్పి తగ్గింది కదా అని మీరు జోరు పెంచింది సరిగ్గా ఆ వారాల్లోనే. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు 2013లో ప్రచురించిన పరిశీలనలో, పల్చటి బూట్లకి పది వారాల్లో మారిన 19 మంది రన్నర్లలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు ఎమ్మారైలో కనిపించింది. వాళ్ళకి మెల్లగా మారమని ముందే చెప్పారు కూడా. ఐదు వేళ్ళ తొడుగులా ఉండే ఫైవ్‌ఫింగర్స్ బూట్ల మీద ఆరోగ్య ప్రయోజనాల ప్రచారం విషయంలో 2012లో అక్కడ కేసు పడింది. 2014లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 37.5 లక్షల డాలర్లకి రాజీ కుదుర్చుకుంది.

అలాగని ఇదంతా వట్టి ఫ్యాషన్ అని కొట్టిపారేయను. 2010లో హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం చూపించింది ఏమిటంటే, చిన్నప్పటి నుంచి ఉత్తి కాళ్ళతో పరుగెత్తేవాళ్ళు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారు, మడమ నేలకి ఠపీమని కొట్టుకోదు, ఆ మొదటి అదురు తక్కువ. అలా దిగితే మోకాలి మీద భారం తగ్గుతుంది కూడా. కానీ ఆ భారం ఎక్కడికీ పోదు. పిక్కకీ, మడమ వెనక స్నాయువుకీ, పాదం ఎముకలకీ బదిలీ అవుతుంది. మోకాలి బాకీ తీర్చడానికి పిక్క దగ్గర చేబదులు తీసుకోవడమన్నమాట. మీ మోకాలికి ఇంతకన్నా సులువైన ఉపాయం ఉంది. పాదం మానాక, పాత బూట్లతోనే, అదే వేగంతో, అడుగు కాస్త పొట్టిగా వేయండి. నిమిషానికి మీ అడుగులు 160 ఉంటే 170 దాకా తీసుకురండి. పాదం మరీ ముందుకి చాచి వేయకుండా ఒంటి కిందే పడుతుంది, మోకాలికి ఊరట దొరుకుతుంది. నెల రోజులు అది చూసి, అప్పుడు బూట్ల సంగతి ఆలోచిద్దాం.

రన్నింగ్ గ్రూపుల్లో అబెబె బికిలా పేరు వినే ఉంటారు. ఇథియోపియా వాడు, 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ని బూట్లు లేకుండా గెలిచాడు. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని మళ్ళీ గెలిచాడు, రోమ్ కంటే మూడు నిమిషాలు ముందే చేరాడు. ఈ రెండో ముక్క గ్రూపుల్లో ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక కొండ. కైలాసగిరి, సింహాచలం కొండల రాయి ఖొండలైట్. ఎండకీ వానకీ తొందరగా పొడి రాలుతుంది, మధ్యమధ్య పెచ్చులు లేచి అంచులు కత్తుల్లా ఉంటాయి. ఎక్కేటప్పుడు పాదం తనంతట తానే ముందు భాగం మీద పడుతుంది, తాకిడి తక్కువ. అప్పుడు సాగేది పిక్క. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. ఒళ్ళు ముందుకి తూలుతుంటే ప్రతి అడుగూ బ్రేకే. ఆ రాలిన పొడి మీద గోళీల మీద నడిచినట్టు జారుతుంది. పల్చటి సోల్ కింద గులకరాయి పడితే దెబ్బ నేరుగా ఎముకకి. నేనూ ఓ ఆదివారం పొద్దున్న మాధవధార వైపు మెట్ల దారిలో, కుర్రాళ్ళు దిగుతున్నారు కదా అని చెప్పులు చేత పట్టుకుని పరుగున దిగాను. మడమ కింద రాయి గుచ్చుకుంది. మూడు వారాలు ఓపీలో కుంటుకుంటూ తిరిగితే, పేషెంట్లే "మీరు కూర్చోండి సార్" అనేవారు. అందుకే పాదం పూర్తిగా మానాక కూడా నా మాట ఒక్కటే: పల్చటి బూట్లతో కొండ ఎక్కండి, దిగేటప్పుడు మామూలు బూట్లు మార్చుకుని నడుచుకుంటూ రండి. పరుగున దిగే ముచ్చట కనీసం ఆరు నెలల తర్వాత.

డాక్టరు సరేనన్నాక మొదలుపెట్టేది కొండ మీద కాదు, ఇంట్లో. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. గడప అంచున పాదం ముందు భాగం ఆనించి మడమలు మెల్లగా ఎత్తి దించండి. ఒంటికాలితో వరసగా 25 సార్లు చేయలేని పిక్క ఉత్తి కాళ్ళ పరుగుకి సిద్ధంగా లేనట్టే. రెండు మూడు వారాలయ్యాక మామూలు పరుగు చివర్లో ఐదు నిమిషాలు బూట్లు విప్పి గడ్డి మీదో, కెరటం వెనక్కి పోయాక గట్టిపడ్డ తడి ఇసుక మీదో పరుగెత్తండి, వారానికి రెండు రోజులు చాలు. పొడి ఇసుక మెత్తగా హాయిగా ఉంటుంది గానీ మడమ దిగబడి స్నాయువు లాగేస్తుంది. తడి ఇసుక కూడా సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి, ఆ వాలు రెండు కాళ్ళకీ సమానంగా పడేలా వెళ్ళిన దూరమే తిరిగి రావాలి. వారానికి రెండు మూడు నిమిషాల కంటే ఎక్కువ పెంచకండి. మడమలోనో పాదంలోనో పొద్దున్న మంచం దిగగానే మొదటి అడుగుకి పొడిచినట్టుంటే ఆ వారం పెంచడం లేదు, తగ్గించడమే.

బూట్లకి వేలు పోయక్కర్లేదు. వేళ్ళు విచ్చుకునేంత వెడల్పు, చేత్తో మడిస్తే మడిచినట్టు వంగే సోల్, మడమ దగ్గరా వేళ్ళ దగ్గరా ఒకే ఎత్తు, కొండ మీదకైతే కింద పట్టు ఉండే గాట్లు, ఇవి చూసుకోండి. మన చిన్నప్పటి పీటీ క్లాసు తెల్ల కాన్వాస్ బూట్లు మైదానంలో మొదలుపెట్టడానికి సరిపోతాయి. హవాయి చెప్పులు పల్చగానే ఉంటాయి గానీ, జారిపోకుండా వేళ్ళతో పట్టుకోవాల్సి వస్తుంది, పరుగుకి పనికిరావు.

పూర్తిగా ఉత్తి కాళ్ళు అంటే మన కొండల మీద నేను ఒప్పుకోను. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు సరే, అంతకు మించి పగిలిన సీసాలు. వెళ్ళక తప్పదంటే ధనుర్వాతం ఇంజెక్షన్ పదేళ్ళలోపు వేయించుకున్నారో లేదో చూసుకోండి. మట్టి అంటిన గాయమైతే ఐదేళ్ళు దాటినా మళ్ళీ వేస్తాం. ముల్లు గుచ్చుకుంటే పిన్నీసుతో కెలక్కుండా సబ్బు, పారే నీళ్ళతో బాగా కడిగి చూపించుకోండి. కాఫీ పొడి, పసుపు అద్దకండి. ఎప్పుడో గుచ్చుకున్న ముల్లు దగ్గర నెలల తర్వాత నొప్పిలేని గడ్డ లేచినా వదిలేయకండి. మదురా ఫుట్ అనే జబ్బు అలాగే మొదలవుతుంది, దానికి ఆ పేరు మన పక్క మదురై నుంచే వచ్చింది. చీకట్లో కొండ దారిలోకి వెళ్ళకండి, పాములుంటాయి.

నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి, బూట్ల కంటే ముందు మీరు పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్త పరీక్ష) చూపించుకోండి. 38 ఏళ్ళ వయసులో, ఇంట్లో జబ్బు పెట్టుకుని, ఒక్కసారీ చూసుకోకపోవడం నాకు మీ మోకాలి కంటే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. నాన్నగారు మాత్రం గుడికైనా సరే ఉత్తి కాళ్ళతో ఎండలో నడవకూడదు. షుగర్ ముదిరిన పాదానికి స్పర్శ తగ్గుతుంది. ఎండకి కాలిన తారు రోడ్డు మీద బొబ్బలెక్కినా తెలియక, రెండో రోజు సాక్సుకి రసి అంటాక చూసుకుని వచ్చినవాళ్ళు ఏటా ఉంటారు.

అమ్మగారి మడమలకి: రాత్రి పడుకునే ముందు పావుగంట గోరువెచ్చని నీళ్ళలో పాదాలు ఉంచి, మెత్తటి రాయితో పైపైన రుద్ది, తడి ఆరకముందే యూరియా ఉన్న క్రీమ్ గానీ, అది లేకపోతే వాజిలిన్ గానీ పట్టించి నూలు సాక్సులు వేసుకోమనండి. బ్లేడుతో చెక్కుకోవద్దని గట్టిగా చెప్పండి. పగుళ్ళలోంచి రక్తం వస్తున్నా, చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా చూపించాలి. ఆవిడకి కూడా ఒకసారి షుగర్ చూడండి. వచ్చే ఆషాఢ పౌర్ణమికి మళ్ళీ బయల్దేరతారు కదా, దానికి నెల రోజుల ముందు నుంచీ ఈ క్రీమ్ రోజూ రాయిస్తే చాలు.

- ఎముకలు, కీళ్ళ వైద్య నిపుణుడు, విశాఖపట్నం