తేనెటీగ గురించి రాసే ముందు

తమ్ముడూ,

తేనెటీగ ఎలా ఎగురుతుందో నువ్వు రాసిన వ్యాసం రాత్రే చదివేశా, పొద్దున బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంకోసారి చదివా. భాష హాయిగా ఉంది. కానీ "తేనెటీగ రక్తం కండరాలకి ఆక్సిజన్ మోసుకెళ్తుంది" అన్నావు చూడు, ఆ లైన్ తీసెయ్. మనకి జరిగేదే దానికీ జరుగుతుందనుకున్నావు. దాని ఒంటి పక్కన చిన్న చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి గాలిగానే గొట్టాల్లోకి వెళ్లి, ఆ గొట్టాలు సన్నబడుతూ సన్నబడుతూ నేరుగా రెక్కల కండరంలోకే దూరిపోతాయి. రక్తం తెచ్చిచ్చేది చక్కెర.

ఇక నువ్వు రెండు ముక్కల్లో దాటేసిన చోటే అసలు కథ ఉంది. తేనెటీగ సెకనుకి 200 సార్లకి పైనే రెక్కలాడిస్తుంది కదా, ప్రతిసారీ నరం నుంచి సిగ్నల్ రాదు. ఊయలని అప్పుడప్పుడూ తోసినట్టు నరం మధ్యమధ్యలో సిగ్నల్ ఇస్తే చాలు, ఒక కండరం ముడుచుకుంటే ఎదుటిది సాగుతుంది, సాగింది కాబట్టి ఈసారి అది ముడుచుకుంటుంది, అలా వాటంతట అవే నడుస్తాయి. దీనివల్ల లాభం ఏంటంటే, సిగ్నల్ వచ్చినప్పుడల్లా కండరంలోకి కాల్షియం వదలాలి, మళ్లీ వెనక్కి పంప్ చెయ్యాలి, ఆ పంపింగ్‌కి ఏటీపీ, అంటే కణం వాడుకునే ఇంధనం, ఖర్చవుతుంది. సిగ్నల్స్ తగ్గితే ఆ ఖర్చూ తగ్గుతుంది, పంపులకి పోయే చోటు ఆ ఏటీపీని తయారుచేసే మైటోకాండ్రియాకి మిగుల్తుంది. ఇదంతా వదిలేసి "ప్రకృతి అద్భుతం" అని రాస్తే చదివేవాడికి ఏం మిగిలింది చెప్పు?

ఇంధనం అన్ని పురుగులకీ ఒకటే కాదు: మిడత మొదట చక్కెర వాడి, దూరం పోయేటప్పుడు కొవ్వుకి మారుతుంది, ఆఫ్రికాలో సెట్సీ ఈగ అయితే ప్రోలీన్ అనే అమైనో ఆసిడ్ మీద ఎగురుతుంది. బాగున్నాయి కానీ అన్నీ ఒకే వ్యాసంలో కుక్కకు, ఒక్కదాన్ని పట్టుకుని కూర్చో.

ఇంకోటి, కళ్లతో చూడు. చలికాలం రాత్రి బాల్కనీ లైట్ దగ్గర పెద్ద హాక్‌మాత్ (సీతాకోకచిలుక లాంటి లావుపాటి రాత్రి పురుగు) వాలితే తరిమెయ్యకు. ఎగిరే ముందు రెక్కలు సన్నగా వణికిస్తుంది, కిందకి లాగే కండరం పైకి లాగే కండరం ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి రెక్క పెద్దగా కదలదు, వేడి మాత్రం పుడుతుంది. కండరం ఖర్చుపెట్టే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది, ఆ వేడితోనే అది ఛాతీని కాచుకుంటుంది. ఒళ్లు తగినంత వేడెక్కాకే లేస్తుంది. ఆ వణుకు ఎంతసేపుందో రాసుకో, వ్యాసం అక్కడ మొదలుపెట్టు.

డౌట్లుంటే బెంగళూరులో వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ల జీకేవీకే క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది కదా, పురుగులు ఎగరడం మీదే పనిచేసే ల్యాబ్ అక్కడుంది, మెయిల్ పెట్టి అడుగు, మొహమాటపడకు. మార్చిన కాపీ నాకు పంపు.

నీ అన్న